ఇరవై హెర్ట్జ్ నిజంగా వచ్చిందా?

విజయనగరంలో మా బావమరిది ఇంటికి కిందటేడు చలికాలంలో ఒక నల్లపెట్టె వచ్చింది. సముద్రం దాటి వచ్చిన సరుకు. నలుగురు మనుషులు దాన్ని మేడమెట్ల మీదుగా మోసుకెళ్తుంటే వీధిలో వాళ్లు ఫ్రిజ్ అనుకున్నారు. ధరెంతని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. వాళ్లమ్మకైతే ఆ లెక్కే చెప్పలేదు. పెట్టెతో వచ్చిన నున్నటి కాగితాల పుస్తకంలో మూడు అంకెలు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉన్నాయి: 18 హెర్ట్జ్, 120 డెసిబెల్లు, 3000 వాట్లు.

"బావా, నువ్వు ఇన్నేళ్లు ఫిజిక్సు చెప్పావు కదా. ఇవి నిజమో ఉత్తుత్తివో నువ్వే తేల్చాల" అన్నాడు.

ఆ పెట్టె పేరు సబ్‌వూఫర్. మామూలు స్పీకర్లు చేతులెత్తేసే అడుగు స్వరాల దగ్గర దీని పని మొదలవుతుంది. మన చెవికి 20 హెర్ట్జ్ నుంచి వినిపిస్తుందని పాఠ్యపుస్తకాల్లో రాస్తాం, అంటే సెకనుకు 20 సార్లు గాలి ముందుకీ వెనక్కీ ఊగడం. ఈ పెట్టె ఆ గడప దాటి ఇంకా కిందికి దిగుతానంటోంది. ఖరీదైన సబ్‌వూఫర్ల లోకంలో ఇలాంటి మాటలు కొత్త కాదు. కెనడాకు చెందిన పారడైమ్ కంపెనీ సబ్-2 అనే మోడల్లో ఆరు 10 అంగుళాల డ్రైవర్లు, అంటే కోనును ఊపి శబ్దం పుట్టించే భాగాలు, పెట్టి 4500 వాట్ల ఆర్ఎంఎస్, 9000 వాట్ల పీక్ అని రాసుకుంది. అమెరికాలో బ్రూస్ థిగ్‌పెన్ అనే ఇంజనీరు అసలు కోనే వద్దని, తిరిగే ఫ్యాను రెక్కల వాలును పాటకు తగ్గట్టు మారుస్తూ గాలిని నెట్టే యంత్రం చేశాడు. దాన్ని గదిలో పెట్టరు. పక్క గదిలోనో అటక మీదో బిగించి గోడకు కన్నం పెడతారు. ఇల్లే పెట్టె అయిపోతుందన్నమాట.

ముందు వాట్ల సంగతి తేల్చేద్దాం, అందులో సరుకు తక్కువ.

1990లలో పెరిగిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. చంకలో పట్టే టేప్ రికార్డర్ మీద వందల వాట్ల పీఎంపీఓ అని స్టిక్కరు ఉండేది. అది నాలుగైదు టార్చి సెల్లులతో నడిచేది! కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ అక్షరాలు పోయాయి గానీ అలవాటు పోలేదు. మన ఇంట్లో మామూలు ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టులతో గుణిస్తే 1380 వాట్లు. ఏసీకి పెట్టే 16 ఆంపియర్లదైతే 3680. మా వాడి పెట్టెకున్న తీగ చివర 6 ఆంపియర్ల ప్లగ్గే ఉంది. అంటే 3000 వాట్లు అబద్ధమా? పూర్తిగా కాదు. లోపలి కెపాసిటర్లు కరెంటును కూడబెట్టుకుని, సినిమాలో బాంబు పేలిన ఒక్క క్షణంలో కుమ్మరించగలవు. ఆ క్షణం గడిచాక మళ్లీ ప్లగ్గు ఎంతిస్తే అంతే.

వచ్చిన వాట్లయినా శబ్దంగా మారతాయా అంటే అదీ లేదు. చిన్న పెట్టెలో బిగించిన స్పీకర్లో నూరు వాట్లు పోస్తే ఒక వాటు కూడా శబ్దం కాదు, మిగిలిందంతా కాయిల్లో వేడి. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. కాయిల్ నూరు డిగ్రీలు వేడెక్కితే నిరోధం దాదాపు 40 శాతం ఎక్కువవుతుంది, లోపలికి వెళ్లే పవర్ ఆ మేరకు తగ్గుతుంది, శబ్దం ఒకటిన్నర డెసిబెల్ దాకా జారిపోతుంది. మొదటి నిమిషంలో ఉన్న ఊపు అరగంట తర్వాత ఉండకపోవడానికి ఇదొక కారణం. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకు బాక్సులు కట్టే మైకుసెట్టు ఆయన ఒకాయన్ని దీని గురించి అడిగాను. ఆయన థియరీ జోలికి పోలేదు. "వాట్లు ఎవుడికి కావాల బాబూ, కోను ఎంత ఊగుద్దో సూడండి. కాయిలు మాడిన వాసన రాకుండా ఎంతసేపు ఊగుద్దో అదీ సూడండి" అన్నాడు. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయే సగం ఆ రెండు వాక్యాల్లోనే ఉంది.

కోను ఎంత ఊగుతుందో చూద్దాం.

పెట్టెలో ఉన్నది 15 అంగుళాల డ్రైవర్. దాని కోను వైశాల్యం సుమారు 800 చదరపు సెంటీమీటర్లు. మంచి రకం కోను నడిమి స్థానం నుంచి ముందుకు 2 సెంటీమీటర్లు, వెనక్కి 2 సెంటీమీటర్లు ఊగుతుందనుకుందాం. అది ఉదారంగా వేసిన అంకే. 800ని 2తో గుణిస్తే 1600 ఘన సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర లీటరు పైచిలుకు. ఒక పెద్ద చెంబుడు గాలి. కోను ఒక్క తోపులో నెట్టగలిగింది అంతే.

ఆ చెంబుడు గాలితో ఎంత శబ్దం పుడుతుందనేది కంపెనీ ఇష్టం కాదు, న్యూటన్ నాటి సూత్రాల ఇష్టం. ఆరుబయట నేల మీద పెట్టె పెట్టి, 20 హెర్ట్జ్ స్వరం వాయించి, ఒక మీటరు దూరంలో కొలిస్తే లెక్క ప్రకారం 104 లేదా 105 డెసిబెల్లు వస్తాయి. 18 హెర్ట్జ్‌కి దిగితే 103. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. పౌనఃపున్యం సగమైతే అదే శబ్దానికి నాలుగింతల గాలి కావాలి. 40 హెర్ట్జ్ దగ్గర చెంబుతో సరిపెట్టుకున్నవాడు 20 దగ్గర నాలుగు చెంబులు తేవాలి, 10 దగ్గర పదహారు. అడుగు స్వరాలు ఖరీదైనవి కావడానికి కారణం బ్రాండు మోజు ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా.

ఇప్పుడు పుస్తకంలోని మాట: 18 హెర్ట్జ్ దగ్గర 120 డెసిబెల్లు. మన లెక్క 103 అంది. తేడా 17 డెసిబెల్లు, అంటే ఏడింతల గాలి. ఏడు చెంబులు కలిపితే పదకొండు లీటర్లు దాటుతుంది. చెంబు పట్టుకొచ్చి బిందెడు పోస్తానంటోంది ఈ పెట్టె.

పెట్టెకు గొట్టం పెట్టి గాలిని లోపల అనునాదం చేయిస్తే ఆ ఒక్క స్వరం దగ్గర కొంత సాయం దొరుకుతుంది. ఇది గొట్టం లేని మూసిన పెట్టె. చిన్న పెట్టె, లోతైన స్వరం, తక్కువ కరెంటుకే పెద్ద శబ్దం, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి అన్న మాటను ఈ వృత్తివాళ్లు హాఫ్‌మన్ ఉక్కు నియమం అంటారు. అమెరికాలో కేఎల్‌హెచ్ కంపెనీ పెట్టిన ముగ్గురిలో హెచ్ అక్షరం ఆయనదే. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, తర్వాత రిచర్డ్ స్మాల్ ఈ నియమానికి పూర్తి గణితం కట్టారు. ఈనాటికీ స్పీకరు డ్రైవర్ల కాగితాల మీద సాధారణంగా థీల్-స్మాల్ అంకెలుంటాయి. ఆ అంకెల పట్టిక ఇవ్వని ఖరీదైన డ్రైవర్‌ని నేను కొంచెం అనుమానంగా చూస్తాను.

సరే, లెక్కలో 17 డెసిబెల్లు తక్కువొచ్చాయి కదా, కంపెనీ మోసం చేసిందా? నేనూ మొదట అలాగే అనుకుని మా వాడికి ఫోను చెయ్యబోయాను. చెయ్యకపోవడమే మంచిదైంది. మన 103 ఆర్ఎంఎస్ లెక్క, అంటే ఒకరకం సగటు. అలల శిఖరం ఎత్తు, అంటే పీక్ చెబితే 3 కలుస్తాయి, 106. ఆరుబయట కాకుండా గది మూలలో పెడితే రెండు గోడలు శబ్దాన్ని చెదరకుండా ఒక్కవైపే నెడతాయి. ఒక్కో గోడకు 6 చొప్పున మరో 12, మొత్తం 118. గది మూసి ఉంటే పైపైన ఒకటో రెండో. ఇదిగో 120! ఎవరూ అబద్ధమాడలేదు. ఒక మీటరు దూరం, గది మూల, శిఖరం అన్న మూడు మాటలు పుస్తకంలో రాయలేదు, అంతే. అదే పెట్టెను ఆరుబయట రెండు మీటర్ల దూరంలో ఆర్ఎంఎస్‌లో కొలిచి చెప్పే నిజాయితీపరుడు 97 అని రాయాలి. 97కీ 120కీ మధ్య ఉన్నది ఒకే పెట్టె.

ఈ గందరగోళం తగ్గించడానికే అమెరికాలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం 2006లో ఒక ప్రమాణం తెచ్చింది. ఇప్పుడు దాన్ని సీటీఏ-2010 అంటారు. 20, 25, 31.5, 40, 50, 63 హెర్ట్జ్‌ల దగ్గర విడివిడిగా చిన్న చిన్న శబ్దపు తునకలు వాయిస్తారు. ఆరుబయట కొలుస్తారు. డిస్టార్షన్, అంటే అల ఆకారం చెడటం, ఒక గీత దాటే వరకు వాల్యూము పెంచుతూ పోతారు, దాటితే ఆపేస్తారు. ఆ చివరి అంకెనే రాస్తారు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఒక మీటరు పీక్ అనీ, రెండు మీటర్ల ఆర్ఎంఎస్ అనీ రెండు రకాల రాతలు చలామణీలో ఉన్నాయి. వాటి మధ్య తేడా కచ్చితంగా 9 డెసిబెల్లు. ఒకడి పీక్‌ని ఇంకొకడి ఆర్ఎంఎస్‌తో పోల్చి డబ్బు తగలేసుకున్న వాళ్లు తక్కువేం కాదు.

మాకు ప్రయోగశాల లేదు. శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో కళ్ళం ఉంది. సంక్రాంతి దాటాక, నూర్పులైపోయి కళ్ళం ఖాళీ అయ్యాక, ట్రాక్టరు మీద గడ్డి పరిచి పెట్టెను అక్కడికి తీసుకెళ్లాం. వరి చేలల్లోకి దిగకూడదు, కోతకు ముందే చల్లిన మినుము, పెసర మొలకెత్తి ఉంటాయి. కళ్ళం నేల గట్టిగా, చదునుగా ఉంటుంది. చుట్టూ గోడలుండవు, తిరిగొచ్చే ప్రతిధ్వని ఉండదు. మైకు కూడా నేలకే ఆనించి పెట్టాలి. పైకెత్తితే నేల మీద తగిలి వచ్చే అల, నేరుగా వచ్చే అల వేర్వేరుగా చేరి లెక్క చెడగొడతాయి. సముద్రం మీది గాలి లేవకముందే, తెల్లవారుజామునే పని కానివ్వాలి. గాలి వీస్తే మైకు దాన్నే అడుగు స్వరంగా రాసేస్తుంది. అసలు కళింగపట్నం ఒడ్డున వంశధార కలిసేచోట కొలుద్దామన్నాడు మా వాడు, ఇసుక చదునుగా ఉంటుందని. వద్దన్నాను. అలల హోరులో 20 హెర్ట్జ్ దగ్గర మన పెట్టెకు పోటీ దొరుకుతుంది. సముద్రం దిగే లోతు ఏ కంపెనీ దిగదు. ఎదురెదురుగా వచ్చిన అలలు ఢీకొన్నప్పుడు పుట్టే అతి మంద్ర ధ్వని 0.2 హెర్ట్జ్ దగ్గర, అంటే ఐదు సెకన్లకొక ఊపు చొప్పున, వేల కిలోమీటర్లు వెళుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజున మన చెవులకు వినిపించింది ఈదురుగాలి కూత. తుపానుల కింద పుట్టే ఆ అడుగు ధ్వని వినడానికి వేరే యంత్రాలున్నాయి.

ఆరుబయట సాధ్యం కానివాళ్లకు ఇంకో దారి ఉంది. 1974లో కీల్ అనే అమెరికన్ ఇంజనీరు మైకును కోనుకు ఆనీ ఆననట్టు పెట్టి కొలిస్తే గది ప్రభావం లెక్కలోకి రాదని చూపించాడు. పెట్టె ఎంత లోతుకు దిగుతుందో ఇలా ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఎంత గట్టిగా వాయించగలదో మాత్రం కళ్ళంలోనే తేలుతుంది.

కళ్ళంలో ఒక విషయం చెవులకే తెలిసింది. 20 హెర్ట్జ్ స్వరం పెట్టి వాల్యూము మెల్లగా పెంచాం. మొదట ఏమీ లేదు. తర్వాత శబ్దం కాదు, చెవి గూబల మీద ఒక ఒత్తిడి. ఇంకా పెంచితే గూబ గుయ్యిమనే మోత మొదలైంది. మా వాడు ఎగిరి గంతేశాడు: "విన్నావా బావా! ఇరవై!" నేను తల అడ్డంగా ఊపాను. ఆ మోత ఇరవైది కాదు.

ఎందుకో తెలియాలంటే బొబ్బిలి వీణ దగ్గరకు వెళ్లాలి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా ఒకే పనస దుంగను తొలిచి వీణలు చేస్తున్నాయి. వీణకు వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. సారణి షడ్జమాన్ని 165 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటే, అన్నిటికన్నా కిందిదైన అనుమంద్రం 62 హెర్ట్జ్ దరిదాపుల్లో పలుకుతుంది. అరచేతిలో పట్టే రేడియోలోని రెండు అంగుళాల స్పీకరు 62 హెర్ట్జ్ పలకలేదు. అయినా ఆ రేడియోలో వీణ కచేరీ వింటే అనుమంద్రం మనకు వినిపిస్తుంది! తీగ ఒక్క 62 దగ్గరే ఆగదు కాబట్టి. 124, 186, 248 అంటూ దాని అనుస్వరాలు బారులు తీరతాయి. రేడియో వాటిని వినిపిస్తుంది. ఆ బారును చూసి, లేని తల్లిస్వరాన్ని మెదడు తనే ఊహించుకుంటుంది. వీణలో అనుస్వరాలు మరీ పుష్కలం. తీగ ఆనే గుర్రం వంపు తిరిగి ఉండటం వల్ల, మీటిన చోటును బట్టి రాకూడని అనుస్వరాలు కూడా వస్తాయని 1921లో సి.వి. రామన్ రాశాడు. విశాఖపట్నంలో చదువుకున్న కుర్రవాడు ఆయన, తండ్రి అక్కడ ఏవీఎన్ కాలేజీలో మేష్టారు. మద్దెల మీది నల్లటి కరణి వల్ల దాని అనుస్వరాలు తీగవాద్యంలా వరసగా కుదురుతాయని కనిపెట్టిందీ ఆయనే.

వీణలో ఇది సొగసు. సబ్‌వూఫర్‌లో ఇదే మాయ. కోను తన హద్దుకు చేరినప్పుడు 20 హెర్ట్జ్ అలను గుండ్రంగా గీయలేదు, మొనలు నలిగిపోతాయి. నలిగిన అలలో 40, 60, 80 పుడతాయి. అదే డిస్టార్షన్. ఇప్పుడు మన చెవి సంగతి చూడండి. 1000 హెర్ట్జ్ స్వరం 2 డెసిబెల్లుంటే చాలు, ఆరోగ్యమైన చెవి పట్టేస్తుంది. 40 హెర్ట్జ్ అయితే 51 కావాలి. 20 అయితే 78 పైమాటే. పెట్టె 20 హెర్ట్జ్‌ని 90 డెసిబెల్లతో వాయిస్తోందనుకోండి. చెవి గడప కన్నా అది 11 మాత్రమే ఎక్కువ. అందులో పదో వంతు డిస్టార్షన్ 40 దగ్గర పుడితే దాని మట్టం 70, గడప కన్నా 19 ఎక్కువ! అంతే డిస్టార్షన్ 60 దగ్గర పుడితే 30 దాటి ఎక్కువ. అంటే పెట్టె పది శాతమే తప్పుచేసినా మనం వినేది ఎక్కువగా ఆ తప్పునే. తల్లి గుసగుసలాడుతుంటే పిల్లలు గోల పెడుతున్నారు. మా వాడు గంతేసింది ఆ గోలకు.

సీటీఏ ప్రమాణం కూడా రెండో అనుస్వరాన్ని అసలు స్వరం కన్నా 10 డెసిబెల్ల కింది వరకు రానిస్తుంది, అంటే 30 శాతం దాకా. ఆంప్లిఫైయర్లో ఒక శాతం డిస్టార్షన్ ఉంటే ముక్కు విరిచే శ్రోతలు సబ్‌వూఫర్‌లో ముప్ఫై శాతాన్ని ఎలా భరిస్తున్నారో నాకు అర్థం కాదు. సినిమాల్లో అడుగు స్వరాల వెంట పై స్వరాలు కూడా ఉండి దీన్ని కప్పేస్తాయి, అది ఒక కారణం. "ఎంత బేసు గుద్దుతోందో!" అన్న పొగడ్తలో సగం ఈ అనుస్వరాలకే చెందుతుంది. ఇది మరో కారణం. చవక పెట్టె ఇలా గట్టిగా గుద్దుతున్నట్టు అనిపించి, దాని పక్కన శుభ్రంగా పలికే ఖరీదైన పెట్టె చప్పగా తోస్తుంది. షాపులో పోల్చేవాళ్లు మోసపోయేది ఇక్కడే. అనుమానముంటే 20 హెర్ట్జ్ ఒంటి స్వరం వాయించండి. స్వరంగా వినిపించిందా, మధ్యలో గరగరా బొయ్యిమనే ధ్వని ఉందా, అయితే అది ఇరవై కాదు. నిజమైన ఇరవై పాటలా ఉండదు, తలుపు గట్టిగా మూసినప్పుడు చెవుల్లో కలిగే ఒత్తిడిలా ఉంటుంది.

అసలు ఎవరికి కావాలి ఇరవై? కర్ణాటక సంగీతానికి కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడు 1919లో విజయనగరం సంగీత కళాశాలకు వచ్చి ఆ తర్వాత ప్రిన్సిపాల్ అయినవాడు. ఆయన వయొలిన్ రికార్డుల ముందు ఈ పెట్టెకు పనే లేదు. తప్పెటగుళ్లలో గుండె మీద కట్టుకున్న రేకు తప్పెటలకూ అంత లోతు అక్కర్లేదు. పాశ్చాత్య చర్చి ఆర్గన్లో 32 అడుగుల గొట్టం 16 హెర్ట్జ్ పలుకుతుంది. దాన్ని వినేవాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది? మిగిలింది సినిమా. 1974లో ఎర్త్‌క్వేక్ సినిమాకు థియేటర్లలో సెన్సరౌండ్ అని పెద్ద పెద్ద పెట్టెలు పెట్టి సీట్లు వణికించారు. ఆ తర్వాత భూకంపాలకూ పేలుళ్లకూ వేరే ట్రాకే వచ్చింది. సినిమా ప్రమాణం ప్రకారం ఆ ట్రాకు శిఖరాలు 115 డెసిబెల్ల వరకు వెళ్లవచ్చు. ఇంట్లో ఆ మట్టాన్ని 20 హెర్ట్జ్ దాకా శుభ్రంగా అందుకోవడమే ఈ ఖరీదైన పెట్టెలన్నీ పెట్టుకున్న పందెం.

గదిలోకి వచ్చేసరికి లెక్కలు మళ్లీ మారాయి. మన ఉక్కపోత గాలిలో శబ్దం సెకనుకు 350 మీటర్లు వెళుతుంది. 20 హెర్ట్జ్ అల పొడవు పదిహేడున్నర మీటర్లు. మా వాడి గది 5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు. అల గదిలో ఇమడదు. 35 హెర్ట్జ్ అలలో సగం సరిగ్గా పొడవుకు సరిపోతుంది, 44 దగ్గర వెడల్పుకు, 58 దగ్గర ఎత్తుకు. ఆ స్వరాల దగ్గర గది తనే వాద్యమై మోగుతుంది. గోడల దగ్గర కూర్చుంటే 35 వీపు మీద బాదుతుంది, నడి గదిలో అదే స్వరం మాయమవుతుంది. మా వాడు సోఫా వేసింది కొలిచినట్టు నడిమధ్యన! లక్షలు పోసి కొన్న స్వరాన్ని సోఫాతో పోగొట్టుకున్నాడు.

ఇటుక గోడలు, సిమెంటు స్లాబు ఉన్న మన ఇళ్లు అమెరికాలో చెక్క చట్రాలకు జిప్సం పలకలు కొట్టిన ఇళ్లలా ఊగవు. అందుకని బేసు బయటికి పోదు. గట్టిగా మూసిన గది సీసాలాంటిది. మన చెంబుడు గాలిని 60 ఘనమీటర్ల గదిలో నొక్కితే 5 హెర్ట్జ్ దగ్గర కూడా లెక్క ప్రకారం 102 డెసిబెల్ల ఒత్తిడి నిలవాలి. ఆరుబయట అదే 80 దరిదాపుల్లోనే ఆగుతుంది. తలుపు కింది సందు, కిటికీ రెక్కల మధ్య ఖాళీ ఆ లెక్కను చాలావరకు తినేస్తాయి. శ్రీకాకుళం తీరంలో తాటాకు కప్పిన చుట్టిల్లు ఈ విషయంలో మరో కొస. గాలివానకు ఎదురొడ్డే గుండ్రటి ఇల్లు అది, అడుగు స్వరాలను మాత్రం ఆకుల సందుల్లోంచి దర్జాగా వదిలేస్తుంది.

ఒక పెట్టె కన్నా నాలుగు మేలని 2002లో టాడ్ వెల్టీ లెక్క వేసి చూపాడు. నాలుగు గోడల నడిమి బిందువుల్లో ఒక్కొక్కటి పెడితే గది మోతలు చాలావరకు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒక మహా పెట్టె ఖరీదుకు మధ్యరకం పెట్టెలు నాలుగు వస్తే నేనైతే అవే కొంటాను. మా వాడికి ఇది కొనక ముందే చెప్పి ఉండాల్సింది.

కొలిచే సాధనం గురించి ఒక హెచ్చరిక. సెల్‌ఫోన్ యాప్‌లు సాధారణంగా ఏ-వెయిటింగ్ అనే వడపోతతో చదువుతాయి. మన చెవి అడుగు స్వరాలను తక్కువ వింటుంది కాబట్టి ఆ వడపోత 31.5 హెర్ట్జ్ దగ్గర 39 డెసిబెల్లు, 20 దగ్గర 50 డెసిబెల్లు కోసేస్తుంది. మన 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కూడా ఈ వడపోత అంకెల్లోనే ఉన్నాయి: నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. ఇప్పుడు మీరే చూడండి. రాత్రి 20 హెర్ట్జ్ స్వరాన్ని 95 డెసిబెల్లతో వాయిస్తే పక్కింటి వాళ్ల బీరువా అద్దం వణుకుతుంది. మీటరు మాత్రం 45 లోపే చూపిస్తుంది. ఊరేగింపు డీజే బాక్సుల మీద ఫిర్యాదు చేసేవాళ్ల గోడు సగం ఈ వడపోతలోనే పోతోందని నా అనుమానం. సబ్‌వూఫర్ కొలవాలంటే జడ్-వెయిటింగ్, అంటే ఏ కోతా లేని మీటరు, అడుగు దాకా సరిచూసిన మైకు ఉండాలి. ఫోను పనికిరాదు.

చివరికి చెవులతో వినాలి కదా అంటే, కళ్లు మూసుకుని వినాలి. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ఒకే శ్రోతలకు ఒకే స్పీకర్లను తెర వెనకా, తెర తీసీ వినిపించారు. తెర తీయగానే మార్కులు మారిపోయాయి. పెట్టె సైజు, పేరు చెవుల్లోకి దూరిపోయాయి. అడుగు స్వరాల్లో వాల్యూము సరిచూడటం మరీ ముఖ్యం. 20 హెర్ట్జ్ దగ్గర 5 డెసిబెల్లు పెరిగితే చాలు, పై స్వరాల్లో 10 పెరిగినంత పెద్దగా వినిపిస్తుంది. ఒక పెట్టెను రెండు డెసిబెల్లు ఎక్కువ పెట్టి వినిపించే అమ్మకందారు తెలిసి చేసినా తెలియక చేసినా ఫలితం ఒకటే.

తీర్పు అడిగాడు మా వాడు. 25 హెర్ట్జ్ దాకా పెట్టె మాట నిలబెట్టుకుంటుంది, 18 దగ్గర వచ్చేది ఎక్కువ గోల, తక్కువ స్వరం, ముందు సోఫాను వెనక్కి జరుపు అన్నాను. జరిపాం. 15 నుంచి 100 దాకా స్వరాన్ని మెల్లగా జారవిడిచాం. 35 దగ్గర కింద వంటింట్లోంచి గలగలమంటూ మరో వాద్యం అందుకుంది. గోడకు కొట్టిన పళ్లేల స్టాండు. స్వరం ఆపితే ఆగుతుంది, పెడితే మోగుతుంది.

మా అత్తగారు పైకి వచ్చారు. పళ్లేల మధ్య పాత గుడ్డలు పెట్టి వచ్చానని చెప్పి, గుమ్మంలో నిలబడి పెట్టెను ఎగాదిగా చూశారు.

"ఎంతయిందిరా దీనికి?"

"పద్దెనిమిదమ్మా."

"ఏటి, వేలా?"

వాడు నావైపు చూశాడు.